ఇంజను చూపులకి ఆడవాళ్ళెందుకు?

ఇంజను బేరానికి ఆడవాళ్ళని వెంటబెట్టుకుని వెళ్ళకూడదట! షెడ్డు నిండా గ్రీజూ ఆయిలూ, కూర్చోడానికి కుర్చీ ఉండదు, పైగా మనకి అర్థమయ్యే వ్యవహారం కాదు. ఈ మాట మా పాలకొల్లులో కనీసం నలుగురి నోట విన్నాను. నలుగురూ మర్యాదస్తులే. కాకపోతే ఆ ఇంజను కొనడానికి భార్య మెడలో గొలుసు తీసి బ్యాంకులో పెట్టినప్పుడు మాత్రం ఆవిడకి వ్యవహారం అర్థం కాదని వాళ్ళలో ఒక్కరికీ తోచలేదు. అక్కడ ఆవిడ సంతకం కావాలి మరి!

సంగతేమిటంటే, ఇంట్లో ఓ పాత కారుంటుంది. మారుతీ ఎనిమిదొందలో, జెన్నో, తాతగారి నాటి అంబాసిడరో. ఇంటి కుర్రాడికి దానిమీద మమకారం. మమకారం ఉంటే కడిగి తుడుచుకోవచ్చు కదా? అబ్బే! దాని ఇంజను ఊడబీకి, ఎక్కడో గుద్దుకుని తుక్కుకొచ్చిన పెద్ద కారులోంచి తీసిన పాత ఇంజను కొని బిగించాలి. అప్పుడది రివ్వున పోవాలి. ఎనిమిదొందల మారుతీకి ఎస్టీమ్ ఇంజను ముడిపెట్టడం మన దేశంలో కొత్త సంబంధమేం కాదు. మారుతీది 796 సీసీ, మూడు సిలిండర్లు. ఎస్టీమ్‌ది 1298 సీసీ, నాలుగు సిలిండర్లు. అంకెలు చూస్తేనే కుర్రాడి కళ్ళు మెరుస్తాయి.

పాత ఇంజను కొనడం తప్పని నేననను. అలా అనేవాళ్ళంటే నాకు చిరాకు. మన డెల్టాలో పాత ఇంజనుకి చిన్నచూపు ఎప్పుడుంది గనక? చేపల చెరువుల మీద ఏరేటర్లు తిప్పేవీ, చేలకి నీళ్ళు తోడేవీ, గోదావరి మీద పడవలు నడిపేవీ చాలా మట్టుకు అంతకు ముందు ఇంకోచోట ఓ జన్మ ఎత్తి వచ్చినవే. 1973లో చమురు ధరలు మండిపోయాక పెట్రోలు అంబాసిడర్లలో మాటడార్ వ్యాను డీజిలింజన్లు దూర్చి టాక్సీలు తిప్పి సంసారాలు ఈదినవాళ్ళున్నారు. వాళ్ళని చూసి నవ్వే హక్కు నాకు లేదు.

అంతెందుకు, ఈ ఇంజను మార్పిళ్ళు కంపెనీలే చేశాయి. 1984లో హిందుస్థాన్ మోటార్స్ వారు కాంటెస్సా తెచ్చారు. చూడ్డానికి జమీందారులా ఉండేది. లోపల మాత్రం అంబాసిడర్లో ఉన్న 1489 సీసీ ఇంజనే! అంత ఒళ్ళుని అది లాగలేక ఆయాసపడింది. తర్వాత ఇసుజు వారి 1.8 లీటర్ల ఇంజను పెడితే గాని కారుకి ఊపిరి రాలేదు. 1990ల మొదట్లో అంబాసిడర్‌కీ అదే ఇసుజు ఇంజను పెట్టారు. కాని గమనించండి: ఇంజనొక్కటే పెట్టి చేతులు దులుపుకోలేదు, దాంతోపాటు ఐదు గేర్ల పెట్టె కూడా పెట్టారు. ఇంజనీర్లు కూర్చుని లెక్కలు కట్టి చేసిన పని అది. మనవాళ్ళు లెక్క కట్టేది ఒక్కటే. ‘ఎన్ని గుర్రాలు?’

ఈ గుర్రాల పిచ్చితోనే నా తగువు. ఎన్ని గుర్రాలని అడిగే మొగాడు, ఆ గుర్రాలని ఆపే కళ్ళెం ఏదని అడగడు. పాత మారుతీకి పన్నెండంగుళాల చక్రాలు, వాటికి తగ్గ చిన్న బ్రేకులు. ఆ బ్రేకులు 796 సీసీకి చేసినవి. వేగం రెట్టింపైతే ఆగడానికి పట్టే దూరం రెట్టింపు కాదు, నాలుగింతలవుతుంది. ఇది తెలుగు సాహిత్యం చదువుకున్న నాకే తెలిసినప్పుడు, లెక్కల్లో నూటికి తొంభై తెచ్చుకున్న కుర్రాడికి తెలియదా? తెలుసు. బ్రేకుల గురించి స్నేహితుల దగ్గర గొప్ప చెప్పుకోలేం, అదీ అసలు కథ. ఏ కుర్రాడైనా ‘మా కారు ఎంత బాగా ఆగుతుందో చూడరా’ అనగా విన్నారా మీరు?

మా రోడ్లు చూడండి. పాలకొల్లు నించి నర్సాపురం వెళ్ళాలన్నా, భీమవరం వెళ్ళాలన్నా, ఓ పక్కన కాలవ తోడొస్తూనే ఉంటుంది. కోతల రోజుల్లో సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి ఉంటుంది. కొబ్బరికాయల లారీ, బాతుల మంద, సైకిళ్ళ మీద స్కూలు పిల్లలు, ఎదురుగా రొయ్యల వ్యాను. మా ఊరు సినిమావాళ్ళని బాగానే ఇచ్చింది, అల్లు రామలింగయ్యగారు, దాసరి నారాయణరావుగారు, కోడి రామకృష్ణగారు. సినిమాలో కారు ఈ గట్టుమీంచి ఎగిరి ఆ గట్టుమీద వాలుతుంది. ఇక్కడ కాలవ మీంచి ఎగిరిన కారేదీ నేను చూళ్ళేదు. కాలవలోకి దిగిన కార్ల సంగతి పేపర్లో చదువుతూనే ఉన్నాం.

చట్టం సంగతి కుర్రాడు చెప్పడు గనక నేను చెబుతాను. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, ఆర్‌సీలో ఉన్న వివరాలు తయారుచేసినవాడిచ్చిన వివరాలకి తేడా పడేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ మాటే గట్టిగా చెప్పింది. ఆ ఏడాది చట్టాన్ని సవరించినప్పుడు మార్పు ఒక్కింటికి ఐదు వేల జరిమానా, లేదా ఆర్నెల్ల దాకా జైలు, లేదా రెండూ అని రాశారు. పాతది చెడిపోయి అదే రకం ఇంజను వేయించుకోవాలంటే దారుంది. రవాణా ఆఫీసు అనుమతి తీసుకుని కొత్త నెంబరు ఆర్‌సీలో ఎక్కించుకోవాలి. పెద్ద ఇంజను వేసి రోడ్డెక్కించడానికి మాత్రం దారి లేదు. పోలీసువాడు పట్టుకోడులే అంటారు. పట్టుకోకపోవచ్చు. కాని ఏదైనా జరిగిన రోజున ఇన్సూరెన్సువాడు ఇంజను నెంబరు చూస్తాడు. ఆ పూట కోర్టు వరండాలో కూర్చునేది ఎవరో చెప్పనక్కర్లేదు.

పందెం సరదా అంత ఉంటే మద్రాసు వైపు శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో రేసు ట్రాకుంది. పూర్వం షోళవరం రన్వే మీద పందాలు జరిగేవి. హెల్మెట్టు పెట్టుకుని, బ్రేకులు మార్చుకుని అక్కడ తిప్పమనండి, నేను కూడా చప్పట్లు కొడతాను.

సరే, అదే రకం ఇంజనైనా, ట్రాకు మీద తిప్పే ఇంజనైనా, కొనేది పాతదే కదా! అది చూడ్డం రాకెట్టు విద్యేం కాదు. చీర కొట్టులో నలభై చీరలు విప్పించి, అంచు వెలుతుర్లోకి తీసుకెళ్ళి, పన్నా కొలిచి, రంగు పోతే తిరిగిస్తామని రాయించుకుని మరీ కొంటామే, ఆ తెలివే ఇక్కడా కావాలి. కొందరు మగవాళ్ళేం చేస్తారంటే, షాపువాడు ‘ఆయ్, సింగిల్ ఓనరండీ, డాక్టరుగారి బండండీ’ అనగానే కరిగిపోతారు. విజయవాడ ఆటోనగర్‌లో ఏ సందులోకెళ్ళినా డాక్టరుగారి బండే! మన రాష్ట్రంలో డాక్టర్లు వైద్యం మానేసి కార్లు గుద్దుకుంటూ తిరుగుతున్నారేమో!

పొద్దున్నే వెళ్ళండి. ముందు ఇంజను మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉందంటే మీరొచ్చేలోపే స్టార్టు చేసి సిద్ధం చేశారన్నమాట, పెళ్ళిచూపుల ముందు పౌడరద్దినట్టు. చల్లారాక రమ్మంటే మళ్ళీ వస్తామనండి. చల్లటి ఇంజను స్టార్టు చేసినప్పుడు పొగ రంగు చూడాలి. నీలంగా వస్తే ఆయిలు మండుతోంది. నల్లగా వస్తే పెట్రోలు ఎక్కువ తాగుతోంది. తెల్లగా దట్టంగా వచ్చి, వేడెక్కినా ఆగకుండా, కాస్త తియ్యటి వాసనొస్తే రేడియేటర్ నీళ్ళు లోపలికి చేరుతున్నాయి. ఆయిలు మూత విప్పి వెనక్కి తిప్పితే మీగడలాంటి జిగురు కనిపించిందా, మళ్ళీ అదే అనుమానం. మాడు వాసన వంటింటి గుమ్మంలోంచే పసిగట్టేవాళ్ళం, ఇది పసిగట్టలేమా?

తర్వాత ప్లగ్గులు విప్పించండి. లేత గోధుమరంగులో పొడిగా ఉంటే మంచిది. ఆయిలుతో తడిసి నల్లగా ఉంటే సందేహించాలి. ఆ ప్లగ్గు రంధ్రాల్లోనే గేజి పెట్టి కంప్రెషను చూడమనాలి. గేర్‌బాక్సూ స్టార్టరూ తగిలి ఉంటే నేలమీద పడున్న ఇంజనుకైనా బ్యాటరీ ఇచ్చి ఈ పరీక్ష చెయ్యొచ్చు. నాలుగు సిలిండర్లకీ నాలుగంకెలొస్తాయి. కాగితం మీద రాసుకోండి. అంకె ఎంత పెద్దదన్నది కాదు, నాలుగూ ఒకదానికొకటి దగ్గరగా ఉన్నాయా లేదా అన్నది ముఖ్యం. మూడు 170 దరిదాపుల్లో ఉండి ఒకటి 120 అందనుకోండి, ఆ సిలిండర్లో ఓ చెంచాడు ఆయిలు పోసి మళ్ళీ తిప్పమనండి. అంకె పెరిగితే రింగులు అరిగాయి. పెరక్కపోతే వాల్వుల దగ్గరో గ్యాస్కెట్ దగ్గరో లోపం. చెంచాడు నూనెతో తేలే నిజం ఇది! ఈ పరీక్షకి షాపువాడు ఒప్పుకోకపోతే మరీ మంచిది, బేరం అక్కడితో సరి. ‘ఇన్ని ప్రశ్నలు వేస్తే ఇంజనెవడమ్ముతాడండీ’ అని ఒకాయన నాతో వాదించాడు. అమ్మనివాడి దగ్గర కొనద్దనే కదా నేననేది!

నీళ్ళలో నానిన ఇంజను గురించి ఇంకాస్త చెప్పాలి, ఎందుకంటే మనది వరదల దేశం. 2015 డిసెంబరులో చెన్నై మునిగింది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో పేటలకి పేటలు నీళ్ళలో నిలబడ్డాయి. ఆ కార్ల ఇంజన్లు ఆవిరైపోవు కదా, ఎక్కడో ఓ చోట తేలతాయి. పైన కిరసనాయిలుతో కడిగి తళతళలాడిస్తారు. అంచేత మెరుస్తున్న ఇంజన్ని నమ్మకండి, దుమ్ము పట్టినదే నయం. చెయ్యి దూరని సందుల్లో, బ్రాకెట్ల వెనక, వైర్ల సాకెట్ల లోపల ఎండిన ఒండ్రుందేమో టార్చిలైటు వేసి చూడండి. గోదావరి ఒండ్రు ఎలా ఉంటుందో మనకి ఒకరు నేర్పాలా? మునిగిన ఇంజన్ని ఎవడైనా తొందరపడి తిప్పాడా, సిలిండర్లో నీళ్ళు నలగవు గనక కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. అలా వంగినది నడుస్తూనే ఉంటుంది, ఓ సిలిండర్ కంప్రెషను తక్కువగా చూపిస్తూ. ఏదో ఒక రోజు హైవే మీద విరుగుతుంది.

ఇంజను నెంబరు చెక్కి ఉండే చోట ఆకురాయి పెట్టి రుద్దిన ఆనవాలుంటే, ధర ఎంత చవకైనా వెనక్కి తిరిగి చూడకుండా వచ్చెయ్యండి. అది దొంగబండిది కావచ్చు. మన సొమ్ము పోవడం అలా ఉంచి, పోలీసు స్టేషను మెట్లెక్కాలి.

ఇక ఖర్చు దగ్గర మనల్ని ఎలా మాయ చేస్తారో చూడండి. ‘ఇంజను ఇంతే, బిగింపుకి ఇంకొంచెం’ అంటారు. ఫ్యూయల్ ఇంజెక్షను ఇంజనైతే దాని కంప్యూటరు పెట్టె, సెన్సార్లు, కోసెయ్యకుండా తీసిన వైరింగు మొత్తం కలిపి కొనాలి. లేకపోతే అది పలకదు. గేర్‌బాక్సు, మౌంటింగులు, రేడియేటర్, సైలెన్సరు, అన్నీ వరసగా లేస్తాయి. బిగించే ముందే టైమింగు బెల్టూ వాటర్ పంపూ ఆయిలు సీళ్ళూ మార్చుకోవాలి, కారులో దూర్చాక వాటిని మార్చడం కూలీ దండగ. బ్రేకుల ఖర్చు ఈ లెక్కలో ఎవరూ చెప్పరు. నన్నడిగితే అదే మొదటి పద్దు. బ్రేకులకి డబ్బు మిగల్లేదంటే ఇంజనుకి డబ్బు లేనట్టే.

చివరికి బిల్లు. ‘మాది నోటిమాటేనండీ, గ్యారంటీ’ అంటాడు. కుర్రాడు తలూపుతాడు. మీరు ఊపకండి. ఇంజను నెంబరు, ఏ బండిలోంచి తీశాడో ఆ బండి నెంబరు, నాలుగు సిలిండర్ల అంకెలు, ఎన్నాళ్ళలో లోపం తేలితే డబ్బు వాపసిస్తాడో ఆ గడువు, ఇవన్నీ బిల్లు మీద రాయించి సంతకం పెట్టించండి. అది కుర్రాడి జేబులో కాదు, మీ బీరువాలో పెట్టుకోండి, గొలుసు తాకట్టు రసీదు పక్కనే.