తెర మీద గీత పోలేదని టీవీనే పారేద్దామా?

ఏదైనా వస్తువు మొరాయిస్తే మన హాస్టళ్లలో మొదట వినిపించే మాట "పోయింది". ఏం పోయింది, ఎక్కడ పోయింది అని అడిగేవాళ్లు తక్కువ. ఫ్యాను తిరగకపోయినా పోయిందే, మోటారు నీళ్లు ఎక్కించకపోయినా పోయిందే. ఆ తర్వాత ఆ వస్తువు స్టోర్ రూముకు చేరుతుంది. పనికిరాని సామాన్ల జాబితాలో ఇంకో వరుస పెరుగుతుంది. ఈ "పోయింది" అనే మాటను మనం మానుకుని, ముందు "ఎక్కడ?" అని అడగడం నేర్చుకోవాలని నా అభిప్రాయం. అందుకు మన హాలులోని పాత టీవీ సంగతే ఉదాహరణగా చెబుతాను.

అది 21 అంగుళాల పిక్చర్ ట్యూబ్ టీవీ. ఆదివారాలు తమ్ముళ్లకు లెక్కలు చెప్పడానికి వచ్చినప్పుడు నేనూ దాన్ని చూశాను. తెర కింది భాగంలో సౌండు చూపించే ఆకుపచ్చ గీత వచ్చి అలాగే నిలిచిపోయింది. బొమ్మ బాగానే ఉంది. గీత మాత్రం పోదు. పైగా సౌండు దానంతటదే సున్నాకు దిగిపోతుంది. రిమోట్‌తో పెంచితే పెరిగినట్టే పెరిగి మళ్లీ దిగుతుంది. పిక్చర్ ట్యూబ్ పోయిందని కొందరు, ఐసీ కాలిపోయిందని కొందరు, కొత్తది వచ్చేదాకా ఇంతేనని ఇంకొందరు అన్నారు. చివరికి దాని మీద దుప్పటి కప్పారు. పదిమందిలో పాము చావదంటారు. అందరిదీ అయిన టీవీ కూడా అంతే, బాగుచేసే పని ఎవరిదీ కాకుండా పోయింది.

కాస్త నిదానంగా ఆలోచిద్దాం. బొమ్మ శుభ్రంగా కనిపిస్తోందంటే పిక్చర్ ట్యూబ్ బాగున్నట్టే. గీత శుభ్రంగా వస్తోందంటే దాన్ని గీసే భాగం కూడా పనిచేస్తున్నట్టే. ఛానల్ అంకె, సౌండు గీత, మెనూ చూపించేది టీవీ లోపలి మైక్రో కంట్రోలర్. బటన్ నొక్కినప్పుడు అది గీత గీస్తుంది. నొక్కడం ఆపిన కొన్ని సెకన్లకు చెరిపేస్తుంది. గీత చెరగడం లేదంటే, ఎక్కడో ఏదో బటన్ నొక్కినట్టే దానికి తెలుస్తోందన్నమాట. ఆ నొక్కుతున్నది ఎవరో కనిపెట్టాలి. ఇందుకు నాలుగు ప్రశ్నలు చాలు. ఒక్క స్క్రూ కూడా విప్పనవసరం లేదు.

మొదటి ప్రశ్న: తెర మీద ఉన్నవి టీవీ రాతలా, సెట్‌టాప్ బాక్సు రాతలా? బాక్సు నుంచి వచ్చే పసుపు, ఎరుపు, తెలుపు పిన్నులు పీకి చూడాలి. అప్పుడు రాత మాయమైతే టీవీకి ఏ జబ్బూ లేదు. 2012లో పెద్ద నగరాలతో మొదలై కేబుల్ ప్రసారాలు దశలవారీగా డిజిటల్ అయ్యాక బాక్సులు ఇంటింటికీ వచ్చాయి. అప్పుడప్పుడు తెర మధ్యలో ఒక పొడవాటి నంబరు కనిపించి పోతుంది. దొంగతనంగా రికార్డు చేసేవాళ్లను పట్టుకోవడానికి ప్రసారం చేసేవాళ్లు పంపే గుర్తు అది. దాన్ని చూసి టీవీ చెడిందని మెకానిక్ దగ్గరికి మోసుకెళ్లడం దండగ.

రెండో ప్రశ్న: మనమే అడిగామా? చాలా రిమోట్లలో డిస్‌ప్లే, రీకాల్, ఇన్ఫో అనే పేర్లతో ఒక బటన్ ఉంటుంది. దాన్ని నొక్కితే కొన్ని టీవీల్లో ఛానల్ అంకె ఎప్పటికీ నిలిచి ఉంటుంది. మళ్లీ నొక్కితే పోతుంది. ఇది జబ్బు కాదు, సదుపాయం.

మూడో ప్రశ్న: రిమోట్ నొక్కుతోందా? టీ ఒలికో, చెమట దిగో రబ్బరు బటన్ లోపల అతుక్కుపోతుంది. సెల్లు తీసి పక్కన పెడితే సరి. గీత ఆగితే దోషం రిమోట్‌ది. ఇంకో పరీక్ష కూడా ఉంది. రిమోట్ ముందున్న బల్బును ఫోన్ కెమెరా వైపు తిప్పాలి. కంటికి కనపడని పరారుణ కాంతి కెమెరాలో తెల్లగానో ఊదాగానో మెరుస్తుంది. ఎవరూ నొక్కకుండానే మెరుస్తుంటే దొంగ దొరికినట్టే. కొన్ని ఫోన్లలో వెనుక కెమెరా ఈ కాంతిని ఆపేస్తుంది, అప్పుడు ముందు కెమెరాతో చూడాలి.

నాలుగో ప్రశ్న: టీవీ ముందున్న బటన్లు నొక్కుతున్నాయా? సెల్లు తీసేసి, రిమోట్ సిగ్నల్ అందుకునే చిన్న కిటికీకి నల్లకాగితం అడ్డం పెట్టినా గీత పోకపోతే అనుమానం వాటి మీదికే వెళ్లాలి. ఒక్కో బటన్ పదిసార్లు నొక్కి వదిలితే గీత కాసేపు ఆగి మళ్లీ వస్తే అనుమానం ఇంకా బలపడుతుంది.

మన టీవీలో జరిగింది ఇదే. ఈ ప్రశ్నలు వరుసగా అడిగాక వార్డెన్ గారి అనుమతితో దాన్ని బజారులోని మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన బటన్ల వెనుక ఉన్న చిన్న స్విచ్‌లన్నీ మార్చాడు. అరగంట కూడా పట్టలేదు. అలాంటి స్విచ్ ఒక్కొక్కటి టీ ఖరీదు కూడా చేయదు. "ఒక్కటి మారిస్తే చాలదా అన్నా?" అని అడిగితే, "అన్నీ ఒకే వయసువి తమ్ముడూ, ఇవాళ ఇది, రేపు పక్కది" అన్నాడు.

నన్ను ఆలోచింపజేసింది మాత్రం ఆ బటన్ల లెక్క. చాలా టీవీల్లో అన్ని బటన్లకూ కలిపి ఒకటో రెండో తీగలే ఉంటాయి. ఒక్కో బటన్‌కు ఒక్కో రకం రెసిస్టర్ ఉంటుంది. ఏది నొక్కితే ఆ తీగ మీద వోల్టేజి అంతకు మారుతుంది. ఆ వోల్టేజిని కొలిచి మైక్రో కంట్రోలర్ బటన్‌ను గుర్తుపడుతుంది. ఏళ్ల తరబడి తేమ, దుమ్ము చేరాక స్విచ్ లోపల కొద్ది కొద్దిగా కరెంటు కారుతుంది. ఎవరూ నొక్కకపోయినా సౌండు తగ్గించే బటన్ వోల్టేజి అక్కడ కనిపిస్తుంది. అంతే, గీత వచ్చి కూర్చుంటుంది.

ఇందులో ఉన్నది పదో తరగతిలో చదివే ఓమ్ నియమం, శ్రేణి సంధానం. మనం దాన్ని నాలుగు మార్కులకు రాస్తాం. అదే సూత్రం మన హాలులో దుప్పటి కింద ఆరు వారాలు కూర్చుంటే ఒక్కరమూ గుర్తుపట్టలేదు. ఆ మెకానిక్ ఆ సూత్రం పేరు చెప్పలేకపోవచ్చు, కానీ అది ఎక్కడ ఉంటుందో ఆయన వేళ్లకు తెలుసు. మన ఇళ్లలో చాలామందికి డిగ్రీ మనతోనే మొదలు. మన తాతలు, నాన్నలు నాగలి నుంచి సైకిలు దాకా సొంతంగా బాగుచేసుకున్నవాళ్లు. చదువు మనకు కొత్త మాటలు ఇవ్వాలి గాని, ఉన్న చేతులను లాక్కోకూడదు.

ఈ పాత డబ్బా కోసం ఇంత గొడవ ఎందుకు, అందరి చేతుల్లో ఫోన్లు ఉన్నాయి కదా అని కొందరంటారు. ఆరు, ఏడు తరగతుల తమ్ముళ్ల చేతుల్లో ఫోన్లు లేవు. 1975 ఆగస్టు నుంచి 1976 జులై దాకా సైట్ అనే ఉపగ్రహ ప్రయోగం కింద ఆంధ్రప్రదేశ్ సహా 6 రాష్ట్రాల్లోని 2400 పల్లెల్లో ఊరికొక టీవీ పెట్టి చూపించారు. అలాంటి టీవీ చెడితే ఊరంతటికీ నష్టమే. మన హాలు టీవీ కూడా ఆ కోవలోదే. రేపు కొత్త ఎల్‌ఈడీ టీవీ వచ్చినా దానికీ బటన్లు ఉంటాయి, రిమోట్ ఉంటుంది, ఈ జబ్బు రావచ్చు. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకుంటామా?

ప్రభుత్వ సామాను విద్యార్థులు ముట్టుకోవచ్చా అనే భయం కూడా ఉంది. దానిలో సగం న్యాయమే. వెనుక మూత మనం విప్పకూడదు. 230 వోల్టుల కరెంటు లోపల 320 దాకా డీసీగా మారుతుంది. పిక్చర్ ట్యూబ్‌కు 20 వేల వోల్టులకు పైగా అందుతుంది. ప్లగ్గు పీకినా ఆ చార్జి కొంతసేపు నిలిచి ఉంటుంది. నాలుగు ప్రశ్నలకూ గీత లొంగకపోతే, లేదా తెర మీద సర్వీస్, ఫ్యాక్టరీ వంటి మాటలు కనిపిస్తే, అక్కడితో ఆపాలి. సెట్టింగులు దాచుకునే మెమరీ ఐసీ చెడి ఉండవచ్చు. అక్కడి అంకెలు మారిస్తే ఉన్న బొమ్మ కూడా పోతుంది. అది మెకానిక్ పని. నిజంగా బాగుపడదని తేలినా పెరట్లో పడేయకూడదు. ఆ గాజులో సీసం ఉంటుంది. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం దాన్ని నమోదైన రీసైక్లర్లకు చేర్చాలి.

అందుకే ఈ వార్షికోత్సవం సందర్భంగా నాది ఒకటే విన్నపం. హాలులో ఒక నోటు పుస్తకం పెడదాం. ఏ వస్తువు మొరాయించినా తేదీ వేసి, ఏం కనిపించిందో, ఏం పరీక్షించామో, దేనితో ఆగిందో రాద్దాం. నెలకు ఇద్దరు తమ్ముళ్లు దాని బాధ్యత తీసుకోవాలి. పట్టణంలో పనిచేస్తున్న పాత విద్యార్థులైన అన్నలు, చేతి పని తెలిసినవాళ్లు, నెలకొక ఆదివారం వచ్చి ఆ పుస్తకం చూడాలి. ఆ పేజీ నిండనిదే ఏ సామానునూ పనికిరాని జాబితాలో రాయవద్దని వార్డెన్ గారిని మనమంతా కలిసి కోరాలి.

ఒక గుర్తు చూసి "ఇది పనికిరాదు" అనేయడం ఎంత సులువో, ఒక్క సబ్జెక్టు తప్పినప్పుడు మనలో చాలామంది విన్నారు. ఆ మాట ఎవరి మీదైనా, దేని మీదైనా అనేముందు నాలుగు ప్రశ్నలు అడిగే హాస్టల్‌గా మన హాస్టల్‌కు పేరు రావాలి. మొదటి పేజీకి టీవీ సంగతి ఉండనే ఉంది. రెండో పేజీ, మొన్నటి నుంచి తిరగని మెస్ ఫ్యానుది.