టౌన్ యాంకర్ మనకెందుకు? మా రూమోళ్ల మాట

పోస్టు జర పొడుగుంటది, ఓపికతోని చదవండి.

పోయిన వారం గ్రూపుల ఒక ప్రతిపాదన వచ్చింది. మన వీడియోలకు టౌన్ నుంచి మంచి తెలుగు మాట్లాడే యాంకర్‌ను పెట్టుకుందాం, తలా ఇంత వేసుకొని కెమెరా, రింగ్ లైటు కొందాం అని. చానామంది బొటనవేలు గుర్తు పెట్టిండ్రు. మా రూముల ఆరుగురం పెట్టలేదు. ఎందుకో చెప్పాలె.

ముందుగాల మా తప్పు ఒప్పుకుంటం. పోడు భూమి క్లెయిమ్ మీద మొన్నటి వీడియో మేమే చేసినం. ఏడు నిమిషాలు. మొదటి నలభై సెకన్లు గుట్టలు, వాగు, డప్పుల మ్యూజిక్. తర్వాత "హాయ్ ఫ్రెండ్స్, వెల్‌కమ్". ఆ తర్వాత చట్టం చరిత్ర. అసలు ముచ్చట అయిదో నిమిషం దాటినంక వచ్చింది. ఏందది? అటవీ హక్కుల చట్టం కింద సాక్ష్యం ఒక్కటి పెడితే సరిపోదు, ఒకటి కంటే ఎక్కువ ఉండాలె. కాగితాలే కానక్కర లేదు. ఊరి పెద్దలు చెప్పింది రాతల పెడితే అది గూడ సాక్ష్యమే. పాత గట్లు, బావి, పూర్వీకుల సమాధులు, దేవుని తావు ఇవన్నీ లెక్కకొస్తయి.

మాలో ఒకని కాకా ఆ వీడియో చూసిండు. తన దగ్గరున్న ఒక్క పాత రసీదు జత చేసి ఫారం ఇచ్చిండు. ఫైలు వెనక్కొచ్చింది. "వీడియో చూడలేదా కాకా" అంటే, "చూసిన బిడ్డా, పాట మంచిగుంది" అన్నడు. మా మొఖాలు ఎట్లయినయో మీరే అనుకోండి. మూడు తరాల సంది దున్నుతున్న చేను అది.

ఇప్పుడు చెప్పండి, యాంకర్ లేకనా ఆ ఫైలు వెనక్కొచ్చింది?

"మన యాసల మాట్లాడితే ఎవరు చూస్తరు, కామెంట్లల నవ్వుతరు" అన్నరు కొందరు. నిజమే, నవ్విండ్రు. మా చెల్లె ఒకామె స్కాలర్‌షిప్ గురించి మాట్లాడితే "ముందు తెలుగు నేర్చుకో" అని రాసిండ్రు. ఆమె మళ్ల కెమెరా ముందుకు రాలేదు. కానీ ఆ కామెంట్ పెట్టినోనికి పోడు ఉందా? పట్టా కావాలెనా? మనం ఎవరి కోసం చేస్తున్నమో వాళ్లు ఆమె తెలుగుకు నవ్వలే. ఆమె గోండిలో చెప్పిన రెండు వాక్యాలకే మా ఊరి అవ్వలు ఫోన్ దగ్గరికి జరిగి కూసున్నరు. టీవీ తెలుగుల "లబ్ధిదారులు దరఖాస్తు చేసుకోవలసి ఉంటుంది" అంటే, లబ్ధిదారు అంటే ఎవరో పక్కూరోడు అనుకుంటరు. "నువ్వు పోయి ఇయ్యాలె" అంటే తన గురించే అని తెలుస్తది.

ఇంకొకటి, కోపంగనే అంటున్నం. వ్యూస్ కోసం గుస్సాడి టోపీ పెట్టుకొని వీడియో మొదలుపెట్టుడు బంద్ చేయాలె. దండారి రోజులల్ల నిష్ఠతోని పెట్టుకునే నెమలి ఈకల టోపీ అది. బయటోళ్లు మనల్ని బొమ్మల్లెక్క చూపిస్తున్నరని మనమే మొత్తుకుంటం, మళ్ల మనమే అదే పని చేస్తమా?

సరే, వీడియో బాగుండొద్దా అంటే, ఉండాలె. మావి బాగుండకపోవుడు మాకూ తెలుసు. కానీ బాగుండుడు అంటే కెమెరా ధర కాదు. అన్నిటికంటే ముందు వినబడాలె. బొమ్మ జర మసకగున్నా చూస్తరు, మాట వినబడకపోతే వెంటనే బంద్ చేస్తరు. మా మొదటి వీడియోల ఫ్యాన్ చప్పుడు, వెనుక బకెట్ల చప్పుడు, ఖాళీ గోడలకు మారుమోగుడు. ఇప్పుడు ఫ్యాన్ బంద్ చేసి, చుట్టూ మంచాల మీద దుప్పట్లు, బొంతలు వేలాడదీసి తీస్తున్నం. చెమటలు కారుతయి, గొంతు మాత్రం సాఫ్‌గ వస్తది. వైరున్న చిన్న కాలర్ మైకు ఒక్కటి చాలు. అది లేకుంటే ఇంకో ఫోన్‌ల వాయిస్ రికార్డర్ పెట్టి అంగి జేబుల ఏసుకోవాలె, ఎడిటింగ్‌ల కలపాలె. మొదట్ల ఒక్క చప్పట్లు కొడితే రెండూ కలుపుడు సులువు. ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌ల పెట్టుడు మర్చిపోవద్దు, మేం రెండుసార్లు మర్చిపోయినం.

లైటు కొనక్కర లేదు. కిటికీకి ఎదురుంగ కూసోవాలె, వీపు పెట్టి కాదు. ఫోన్ కండ్ల ఎత్తుకు ఉండాలె. కింద పెడితే మీదికెళ్లి బెదిరిస్తున్నట్టు కనబడతం. చూసుడు లెన్స్ దిక్కు, తెర మీద మన మొఖం దిక్కు కాదు. కాగితం చదివితే దొరికిపోతం. నాలుగు ముక్కలు పెద్దక్షరాలతోని రాసి లెన్స్ కిందనే అతికించి, ఇంట్ల ఒక మనిషికి చెప్పినట్టు చెప్పాలె. మేమైతే లెన్స్ పక్కన ఒక దోస్తును నిలబెడుతున్నం. వానికి అర్థం కాకపోతే చేయి లేపుతడు, మళ్ల చెప్తం.

అసలు మాట మొదటి పది సెకన్లల్లనే రావాలె. "నీ పోడు క్లెయిమ్ కొట్టేసిండ్రా? 60 రోజులల్ల పై కమిటీకి అర్జీ పెట్టొచ్చు." గిట్ల. చట్టం 2006ది, నియమాలు 2008వి, సవరణ 2012ది అనే ముచ్చట్లు తెర మీద రాస్తే చాలు. 2005 డిసెంబర్ 13 లాంటి తారీఖు మాత్రం నోటితోని నిదానంగ రెండుసార్లు చెప్పాలె. ఆ రోజుకు ముందు నుంచి భూమి మీద ఉన్నమా లేదా అన్నదాని మీదనే అంతా ఉన్నది. చదువు రానోళ్లు తెర మీది అక్షరాలు చదవరు కదా.

ఒక వీడియోల ఒక్కటే ముచ్చట, మూడు నిమిషాలు. సిగ్నల్ కోసం గుట్ట ఎక్కేటోళ్లకు పెద్ద ఫైలు పంపి లాభం లేదు. 1080లో తీసినా 480లో ఎక్స్‌పోర్ట్ చేసి పంపుదాం, మావి పాతిక ఎంబీ దాటుత లేవు. వీడియో ఎప్పుడు తీసినమో తారీఖు మూలకు పెట్టాలె. పాత వీడియో పట్టుకొని గడువు ఇంకా ఉందనుకున్నోళ్లను చూసినం.

తప్పు చెప్పినట్టు తెలిస్తే ఆ వీడియో తీసేసి, తప్పు ఏందో చెప్తూ ఇంకోటి పెట్టాలె. "వ్యూస్ పోతయి" అన్న దాదాకు మా జవాబు: పోనియ్. మనం చెప్పింది నమ్మి జనం కాగితాలు పెడుతున్నరు.

జమ చేసే పైసలతోని రెండు కాలర్ మైకులు, ఒక స్టాండు కొందాం. యాంకర్‌కు ఇచ్చే పైసలు ఊర్లకు పోయి అడుగుడుకు బస్ కిరాయి పెడదాం. పోడు వీడియో ఈ ఆదివారం మళ్ల తీస్తున్నం, గోండిలో, మా రూముల. కొలామీలో, కోయలో చెప్పగలిగినోళ్లు ఉంటే గ్రూపుల చెయ్యి లేపండి. స్కాలర్‌షిప్ చెల్లెను గూడ అడిగినం. ఇంకా ఏమీ చెప్పలేదు. నవ్విన కామెంట్లను తీసేసినమని మాత్రం ఆమెకు చెప్పినం.