ముందు బండి కొనండి, సోకులు తర్వాత

పంట డబ్బు చేతికొచ్చే రోజుల్లో మన కలువాయి మండలంలో ఏదో ఒక ఊళ్లో కొత్త ట్రాక్టరు దిగుతూనే ఉంటుంది. పసుపు కుంకుమ పూసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, గుడి ముందు టెంకాయ కొట్టి ఇంటికి తెచ్చుకుంటారు. చూసేవాళ్లకూ సంతోషమే. "ఎంతయిందన్నా?" అని అడిగితే "అంతా కలిపి ఏడున్నర దాకా అయిందిలే అబ్బాయా" అంటాడు. అందులో బండి ఎంత, ఇన్సూరెన్సు ఎంత, పైసామాను ఎంత అని అడిగి చూడండి. పదిమందిలో తొమ్మిదిమంది దగ్గర జవాబుండదు. "కిట్టు అన్నారు, రాసుకున్నారు, సంతకం పెట్టాను" అంటారు. ఈవారం నేను రాసేది ఆ కిట్టు సంగతే.

టౌన్లలో పెద్ద కారు కొనేవాళ్లకు కూడా ఈ తంటా ఉంది. సీటు కవర్లు, పాటల పెట్టె, బంపరు షోరూములో వేయించుకోవాలా, బయట వేయించుకోవాలా అని తర్కించుకుంటారు. వాళ్ల లెక్క తప్పితే పదో ఇరవయ్యో వేలు పోతాయి. మన లెక్క తప్పితే కిస్తీ తప్పుతుంది. కిస్తీ తప్పితే బండి గుంజుకుపోతారు. చాలామంది బ్యాంకులో పొలం కాగితాలు కూడా పెట్టి ఉంటారు. రెండు మూడెకరాల సేద్యగాడికి ట్రాక్టరు తన కయ్యల కోసమే అయితే గిట్టదు. పక్కవాళ్లకు బాడుగకు తోలి కిస్తీ కట్టుకోవాలి. అలాంటప్పుడు బండి మీద పెట్టే ప్రతి రూపాయీ బాడుగ రూపంలో వెనక్కి వస్తుందా, రాదా అని చూసుకోవాల్సిందే.

తగ్గిన పన్ను ఎటు పోయింది?

2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి దిగింది. దుక్కి పనిముట్ల మీద కూడా 12 నుంచి 5కే వచ్చింది. ట్రాక్టరు టైర్లు, చాలా విడిభాగాల మీద 18 నుంచి 5 శాతానికి తగ్గింది. లెక్క కోసం పన్ను లేకుండా 6 లక్షల బండి అనుకుందాం. అంతకుముందు పన్ను 72 వేలు. ఇప్పుడు 30 వేలు. మిగులు 42 వేలు. ఇది రైతుకు మిగలాల్సిన డబ్బు. షోరూములో "అన్నా, ఎలాగూ తగ్గింది గదా, కిట్టు కూడా వేసుకోండి" అని 40 వేల సామాను అంటగడితే తగ్గినది ఎవరికి తగ్గినట్టు?

కాబట్టి మొదటి పని, రేటు చీటీ విడగొట్టి రాయించుకోవడం. బండి ధర, ఇన్సూరెన్సు, రిజిస్ట్రేషను ఖర్చు, పైసామాను, ఇంకేదైనా చార్జీ ఉంటే అది. ఒక్కొక్కటీ ఒక్కో వరుసలో ఉండాలి. ఆ తర్వాత ఆ మోడల్ కంపెనీ పుస్తకం అడగండి. పనిముట్ల సంచి, టాప్ లింకు, హుక్కు, డ్రాబారు, ముందు బంపరు, కొన్ని మోడళ్లకు టాపు కూడా కంపెనీవాళ్లే బండితోపాటు ఇస్తారు. పుస్తకంలో "బండితో వచ్చేవి" అని రాసి ఉన్న వస్తువుకు చీటీలో మళ్లీ రేటు వేశారేమో చూసుకోండి. చదువుకున్న పిల్లవాణ్ణి వెంట తీసుకుపోతే అరగంట పని. ఇన్సూరెన్సు ఫలానా షోరూములోనే చేయించాలని ఏ చట్టంలోనూ లేదు. బయట రెండుచోట్ల అడిగి ధర పోల్చుకోండి.

విప్పలేనివి కంపెనీలోనే

ఏది షోరూములో, ఏది బయట అనేదానికి నేను పెట్టుకున్న గుర్తు ఒకటే. బోల్టు విప్పితే ఊడి వచ్చేది బయట కొనొచ్చు. ఇంజను లోపల, గేరుపెట్టె లోపల ఉండేది కొనేటప్పుడే కంపెనీలో ఎంచుకోవాలి.

బ్రేకులు చూడండి. ఆయిల్లో మునిగి ఉండే బ్రేకులు కొన్ని మోడళ్లకు ఉంటాయి, కొన్నిటికి పొడి బ్రేకులే. దమ్ములో తిరిగే బండికి పొడి బ్రేకుల్లోకి నీళ్లు, బురద చేరితే పట్టు తగ్గుతుంది. ఆయిలు బ్రేకులు కావాలంటే బండి ఎంచుకునే రోజే చూసుకోవాలి. తర్వాత మార్పించుకుందాంలే అంటే కుదిరే పని కాదు.

క్లచ్చి కూడా అంతే. ఒంటి క్లచ్చి బండికి పెడలు తొక్కితే చక్రాలూ ఆగుతాయి, వెనక రోటావేటరు తిప్పే పి.టి.ఓ. కూడా ఆగుతుంది. డబుల్ క్లచ్చి ఉంటే సగం తొక్కినప్పుడు చక్రాలు మాత్రం ఆగుతాయి, రోటావేటరు తిరుగుతూనే ఉంటుంది. గొర్రు, ట్రాలీ మాత్రమే తోలేవాడికి ఇది అక్కరలేదు. రోటావేటరు బాడుగకు తోలాలనుకునేవాడికి కావాలి. పవర్ స్టీరింగు, వెనక టైర్ల సైజు, లిఫ్టు ఎత్తే బరువు, ఇవన్నీ ఈ జాబితాలోవే. పాటల పెట్టె మీద పెట్టే డబ్బు వీటి మీద పెడితే పదేళ్లు పనికొస్తుంది.

ఇంకొక మాట. బానెట్టు మీద రాసిన హార్స్ పవరు ఇంజనుది. పి.టి.ఓ. దగ్గరకు వచ్చేసరికి అది తగ్గుతుంది. ఎంత వస్తుందో, లిఫ్టు ఎంత ఎత్తుతుందో మధ్యప్రదేశ్‌లోని బుద్నీలో ఉన్న కేంద్ర ప్రభుత్వ సంస్థ పరీక్షించి నివేదిక ఇస్తుంది. మన రాష్ట్రంలోనే అనంతపురం జిల్లా గార్లదిన్నెలో ఇలాంటి కేంద్ర సంస్థ ఒకటుంది. అక్కడ యంత్రాల పరీక్షలతోపాటు రైతులకు శిక్షణ కూడా ఇస్తారు. పరీక్ష నివేదిక చూపించమని డీలరును అడిగేదానికి మొహమాటపడొద్దు.

విప్పగలిగేవి బయట, కానీ బిల్లుతో

గొర్రు, దమ్ము చక్రాలు, ట్రాలీ, టాపు, సీటు మెత్తలు, ఇవన్నీ బయట చేయించుకోవచ్చు. నెల్లూరు ఆటోనగర్లోనో, ఆత్మకూరులోనో నాలుగు షెడ్లు తిరిగితే రేటు తేడా తెలుస్తుంది. అయితే ఇనుము పనిలో రంగు చూసి కొనొద్దు, కాటా చూసి కొనండి. 9 కర్రుల గొర్రు రెండు షెడ్లలో ఒకే మాదిరి కనపడుతుంది. తూకం వేస్తే ఒకదాంట్లో రేకు పలచన అని తేలుతుంది. మన మెట్ట నేలల్లో రాళ్లెక్కువ. వేరుశనగకు దున్నేటప్పుడు పలచన గొర్రు మొదటి ఏడే వంగుతుంది.

దమ్ము చక్రాలు ఎంత వెడల్పుంటే అంత పని అనుకుంటారు. వెడల్పు పెరిగేకొద్దీ ఇరుసు మీద బరువు పెరుగుతుంది. ఇరుసు విరిగితే ఆ సీజను బాడుగ దాని రిపేరుకే సరి. కంపెనీ పుస్తకంలో ఇచ్చిన కొలత దాటొద్దు. ఆ చక్రాలతో తారురోడ్డు ఎక్కొద్దు, రోడ్డు పాడవుతుంది.

ట్రాలీ చేయించేవాళ్లు ముందు ఒక ప్రశ్న అడగాలి. "రిజిస్ట్రేషనుకు కాగితాలిస్తావా?" ట్రాలీకి వేరే రిజిస్ట్రేషను ఉండాలి. ఇన్సూరెన్సు పాలసీలో దాని పేరు కూడా ఎక్కాలి. ఊళ్లో షెడ్డులో కాగితం లేకుండా చేయించిన ట్రాలీ 15 వేలు తక్కువకు వచ్చిందని సంబరపడితే, ప్రమాదం జరిగిన రోజు ఆ పదిహేనువేలు లక్షలై కూర్చుంటాయి. బండిని ఆర్.సి.లో ఉన్నదానికి భిన్నంగా మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెబుతోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే ఖాయం చేసింది.

రోటావేటరు మాత్రం తొందరపడి ఎక్కడా కొనొద్దు. చిన్న, సన్నకారు రైతులకు పనిముట్ల మీద వ్యవసాయ శాఖ రాయితీలుంటాయి. ఏ ఏడు దేనికి ఇస్తున్నారో ముందు తెలుసుకోండి. రాయితీ ఆమోదించిన కంపెనీ సరుకుకే వస్తుంది. కొన్న తర్వాత పోయి అడిగితే లాభం లేదు.

వైర్ల జోలికి పోవద్దు

ఇది నా అనుభవం. మా బండికి రాత్రిపూట దున్నేదానికని బయట ఒకచోట నాలుగు పెద్ద లైట్లు, ఒక పాటల పెట్టె వేయించాం. ఆ అబ్బాయి హెడ్‌లైటు తీగను కోసి అందులోంచే కలిపాడు. ఫ్యూజు గానీ రిలే గానీ పెట్టలేదు. రెండు నెలలు బాగానే నడిచింది. నాట్ల ముందు ఒకరోజు దమ్ము మధ్యలో పొగ వచ్చింది. తీగల కట్ట మొత్తం కాలింది. షోరూముకు తీసుకుపోతే మెకానిక్కు టార్చి వేసి చూసి, "పెద్దాయనా, ఇది మా పని కాదు, బయట కోసింది" అన్నాడు. కోపం వచ్చింది గానీ అతను చెప్పింది నిజమే. తీగల ఖర్చు ఒకటైతే, నాట్ల సీజనులో పోయిన ఎనిమిది రోజుల బాడుగ దానికంటే ఎక్కువ.

అయితే ఏ చిన్న పని బయట చేయించినా వారంటీ మొత్తం రద్దని బెదిరించేవాళ్లూ ఉన్నారు. 2014 ఆగస్టు 25న కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు కలిపి రూ.2,544 కోట్ల జరిమానా వేసింది. బయట మెకానిక్కు చూపించినంత మాత్రాన వారంటీ పోయిందనే గుండుగుత్త షరతు పెట్టకూడదని ఆ తీర్పులో చెప్పింది. బయటివాడి పనివల్లే చెడిందని తేలితే మాత్రం ఆ నష్టానికి కంపెనీ బాధ్యత లేదు. కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి. ఆ తీర్పు కార్లది, ట్రాక్టర్లది కాదు. అయినా న్యాయం ఒకటే. టాపు బయట వేయించినందుకు గేరుపెట్టె వారంటీ ఎలా పోతుందని మనం నిలదీసి అడగొచ్చు. తీగలు కోయించుకుని మాత్రం అడగలేం.

నీడ వేరు, కాపుదల వేరు

టాపు గురించి ఒక హెచ్చరిక. నాలుగు పైపులు, ఒక రేకు వేసిన టాపు ఎండకు, వానకు పనికొస్తుంది. బండి తలకిందులైతే పనికిరాదు. మన పక్క కాలువ కట్టల మీద, చెరువు కట్టల మీద, వెలికొండ వైపు ఎగుడుదిగుడు బాటల్లో తోలేవాళ్లు ఇది మనసులో పెట్టుకోవాలి. బండి బోల్తా పడినా తోలేవాడు నలగకుండా ఆపే గట్టి చట్రం వేరే ఉంటుంది. పరీక్ష చేసి తయారుచేస్తారు. స్వీడన్‌లో 1959లోనే కొత్త ట్రాక్టర్లకు అది తప్పనిసరి చేశారు. ఆ తర్వాత అక్కడ బోల్తాపడి చనిపోయేవాళ్లు బాగా తగ్గిపోయారు. మన దగ్గర అమ్మే మామూలు బండ్లలో చాలావాటికి ఇది రాదు. కొన్ని మోడళ్లకు కంపెనీయే ఇస్తుంది. దొరికితే 40 వేల కిట్టుకు బదులు దాన్ని అడగండి. ఆ చట్రం ఉంటేనే బెల్టు కట్టుకోవాలి, లేకుంటే కట్టకూడదు. షెడ్డులో పైపులు కలిపి "అదే ఇది" అంటే నమ్మొద్దు.

అలాగే పెళ్లికని, తిరునాళ్లకని ట్రాలీలో జనాన్ని ఎక్కించుకోవద్దు. దానికి ఎన్ని సోకులు చేసినా, ఇన్సూరెన్సు కాగితంలో అది సరుకు బండే. అందులో కూర్చున్న మనిషికి ఏమైనా జరిగితే ఆ పరిహారం బండి ఓనరు నెత్తిన పడుతుంది.

అప్పులో కలపొద్దు

డీలర్ల మాటలోనూ కొంత న్యాయముంది. ఒకేచోట అన్నీ దొరుకుతాయి, బిల్లు ఉంటుంది, ఏదైనా అయితే అడిగేదానికి ఒక మనిషి ఉంటాడు. చేతిలో రొక్కం లేనివాడికి కిట్టు కూడా అప్పులోనే వస్తుంది, అది సౌకర్యమే. కానీ లెక్క వేసి చూడండి. 40 వేల కిట్టు 12 శాతం వడ్డీతో ఐదేళ్ల అప్పులో, ఆరు నెలలకొక కిస్తీగా కలిస్తే, కిస్తీకి 5,435 రూపాయలు. పది కిస్తీలకు సుమారు 54,350. అంటే వడ్డీ ఒక్కటే 14 వేల పైమాట. ఐదో ఏడు వచ్చేసరికి సీటు కవరు చిరిగి, పాటల పెట్టె మూలపడి ఉంటుంది. కిస్తీ మాత్రం నడుస్తూనే ఉంటుంది.

నా సలహా ఇదీ. అప్పు బండికి, ఈ సీజనులో బాడుగ తెచ్చే ఒక్క పనిముట్టుకు మాత్రమే తీసుకోండి. తక్కినవి మొదటి సర్వీసు అయ్యేదాకా ఆపండి. రెండు నెలలు తోలితే ఏది నిజంగా కావాలో బండే చెబుతుంది. అప్పుడు బాడుగ డబ్బుతో ఒక్కొక్కటి కొనుక్కోండి. కొన్న ప్రతిదానికీ బిల్లు తీసుకోండి. విలువైనదైతే ఇన్సూరెన్సు పాలసీలో రాయించండి. రాయించని సామానుకు పరిహారం రాదు.

పుస్తకంలో బండితోనే వస్తుందని ఉన్నదానికి డబ్బు గుంజినా, అడగని సామాను అంటగట్టినా ఊరుకోవద్దు. వినియోగదారుల సహాయ ఫోను నెంబరు 1915. నెల్లూరులో జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. వస్తువుకు చెల్లించినది 5 లక్షల దాకా అయితే ఫిర్యాదుకు ఫీజు లేదు, 5 నుంచి 10 లక్షల దాకా అయితే 200 రూపాయలు. బతుకుతెరువు కోసం స్వయంగా బాడుగకు తోలుకునే రైతు కూడా వినియోగదారుడే. కాకపోతే కమిషన్ ముందు నోటిమాట చెల్లదు. విడగొట్టి రాయించుకున్న ఆ చీటీయే మన సాక్షి. అందుకే షోరూములో సంతకం పెట్టేముందు చీటీ చేతిలోకి తీసుకోండి, బయటికొచ్చి చెట్టు కింద కూర్చుని ఒక్కసారి చదివించుకోండి. బండి ఎక్కడికీ పోదు.