ముందు సానరాయి

వసారాలో ఒక బల్ల వేసుకుని రంపం, ఉలి, చిత్రిక, మూలమట్టం పేర్చుకుంటున్న ఇంటి వడ్రంగుల కోసం ఈ సంచిక. కరెంటు మిషన్ల గురించి ఇందులో తక్కువే ఉంది, కావాలనే. నా మటుకు మొదట కొనాల్సింది సానరాయి. ఉలి వెనకవైపును అద్దంలా చదును చేసి, అంచును సుమారు 25 డిగ్రీల వాలులో నూరి చూడండి. టేకు ఎంత మెత్తగా తెగుతుందో! మొద్దు ఉలిని బలంగా తొయ్యాలి. అప్పుడే అది జారి చేతిని కోస్తుంది.

ఇక కర్ర. ఎండబెట్టాక కూడా అది వానాకాలంలో ఉబ్బుతుంది, వేసవిలో కుంచించుకుపోతుంది. పొడవులో దాదాపు మార్పుండదు, వెడల్పులోనే కదులుతుంది. చట్రం ఉన్న తలుపుల్లో పలకను మేకు కొట్టకుండా గాడిలో వదులుగా ఉంచేది అందుకే. ఏటికొప్పాక బొమ్మలు చేసేవాళ్లు అంకుడు కర్రను, కొండపల్లి బొమ్మలు చేసేవాళ్లు తెల్లపొణికిని ఎంచుకున్నది కూడా కర్ర గుణం చూసే.

మొదటి పనిగా ఒక పీట చెయ్యండి. గీతకు కాస్త బయటే కొయ్యండి, మిగిలింది చిత్రిక పట్టి తియ్యండి. కొలతలు లోపలి పేజీల్లో ఇచ్చాం.