ఎలుక మందు ఎలుకతో ఆగదు

వరి పొట్టకొచ్చే రోజుల్లో నెల్లూరు వైపో, కృష్ణా డెల్టా వైపో పొలం గట్టు మీద ఒకసారి నడిచి చూడండి. గట్టు పొడుగునా ఎలుక కలుగులు. కలుగు నోట్లో చిన్న కాగితం పొట్లం. 960 గ్రాముల నూకలు, 20 గ్రాముల నూనె, 20 గ్రాముల బ్రోమోడయోలోన్ కలిపి చేసే ఎర అది. ఈ లెక్క రైతులందరికీ తెలిసిందే. ఊరంతా ఒకేరోజు పెట్టే సామూహిక ఎలుకల నిర్మూలనలోనూ ఇదే వాడతారు.

ఎలుకతో నష్టం లేదని మేం అనడం లేదు. పందికొక్కు పడిన చేను ఎలా ఉంటుందో ఏ కౌలు రైతును అడిగినా చెబుతాడు. ఎలుకను పట్టాల్సిందే. ఏ దారిలో పట్టాలి, ఆ దారికి మూల్యం ఎవరు కడుతున్నారు అన్నదే మా ప్రశ్న.

ఈ మందు తిన్న ఎలుక అక్కడికక్కడే చావదు. రక్తం గడ్డకట్టాలంటే విటమిన్ కె కావాలి. ఆ విటమిన్‌ను ఒళ్లు తిరిగి వాడుకోకుండా ఈ మందు అడ్డుపడుతుంది. లోపల రక్తం కారుతూ ఎలుక ఇంకో మూడు రోజుల నుంచి వారం దాకా బతికే ఉంటుంది. నీరసంగా, పట్టపగలు కూడా బయట తిరుగుతుంది. గద్దకు, గుడ్లగూబకు, జెర్రిపోతుకు, నక్కకు, అడవిపిల్లికి అంతకన్నా తేలిగ్గా దొరికే తిండి ఏముంటుంది చెప్పండి? తిన్నదాని కాలేయంలోకి మందు చేరి నెలల తరబడి అక్కడే ఉంటుంది. మొదటి ఎలుక చంపకపోవచ్చు. పదో ఎలుక చంపవచ్చు.

ఇంకో లెక్క చూడండి. ఎలుక మూడు వారాలకే ఈనుతుంది, ఒక్కో ఈతకు అయిదారు పిల్లలు, ఆ పిల్లలు కొన్ని నెలల్లోనే మళ్లీ ఈతకొస్తాయి. గద్ద ఏడాదికి ఒకటి రెండు పిల్లల్ని పెంచితే గొప్ప. మందు పెట్టిన చేలోకి ఎలుక తిరిగొస్తుంది, దాన్ని తినేవాళ్లు మాత్రం అంత త్వరగా తిరిగిరారు. మళ్లీ మందు కొనాల్సిందే. ఈ బేరంలో బాగుపడేది ఎవరో మీకే తెలుసు.

ఇది మన ఊహ కాదు. కాలిఫోర్నియాలో హూపా ఆదివాసుల అడవితో సహా రెండు ప్రాంతాల్లో చనిపోయిన ఫిషర్ అనే అడవి జంతువులను పరీక్షించి 2012లో ఫలితాలు ప్రచురించారు. 58 జంతువుల్లో 46 ఒంట్లో ఎలుక మందు దొరికింది. అడవిలో దొంగచాటుగా గంజాయి వేసినవాళ్లు మొక్కల చుట్టూ చల్లిన మందు అక్కడికి చేరిందని పరిశోధకులు అనుమానించారు. ఆదివాసుల నేల, బయటివాళ్ల విషం. మనకు కొత్త కథేం కాదు గదా.

2020లో కాలిఫోర్నియా చట్టం చేసి ఈ తరహా మందుల వాడకాన్ని చాలావరకు ఆపింది. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా 2023లో శాశ్వత ఆంక్షలు పెట్టింది. అయితే నిజం నిజంగా చెప్పుకుందాం: రెండుచోట్లా వ్యవసాయానికి మినహాయింపు ఇచ్చారు. మరి మన పొలాల్లో ఆంక్షలు ఎందుకు అడుగుతున్నాం?

ఎందుకంటే మన పొలంలో ఎలుకను పట్టేవాళ్లు ఉన్నారు. యానాదులు. గట్టు మీద మట్టి తీరు చూసి లోపల ఎలుక ఉందో లేదో చెప్పగలరు. ఎన్ని దారులున్నాయో చూసి, ఒకటి వదిలి మిగతావి మూసి, కుండతో పొగబెట్టి, గునపంతో తవ్వి ఎలుకను పట్టుకుంటారు. బుట్టలు పెట్టి పడతారు. కలుగులో ఎలుక దాచిన వడ్లు కూడా తవ్వి తీస్తారు. ఏ మందు పొట్లమూ పోయిన గింజను వెనక్కి ఇవ్వదు.

ఇక్కడ ఇంకొక్క మాట ఉంది. చాలామంది చెప్పడానికి మొహమాటపడతారు, మేం పడం. పొలం ఎలుక యానాది ఇంట్లో కూర. తరతరాల తిండి అది, అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. మందు తిని తూలుతున్న ఎలుక గద్దకు ఎంత తేలిగ్గా దొరుకుతుందో, గట్టు మీద తిరిగే యానాది పిల్లవాడికీ అంతే తేలిగ్గా దొరుకుతుంది. ఏ చేలో ఏ రోజు మందు పెట్టారో ఆ కాలనీకి ఎవరు చెబుతున్నారు? ఈ మందు వండితే పోతుందని నమ్మడానికి లేదు. గద్దను కాపాడే నిబంధనే ఆ పిల్లవాణ్ని కూడా కాపాడుతుంది.

రాబందుల సంగతి గుర్తుందా? పశువులకు వేసే డైక్లోఫెనాక్ కళేబరాల ద్వారా రాబందుల్లోకి వెళ్లి వాటి మూత్రపిండాలను పాడుచేసింది. 2006లో ఆ పశువుల మందును నిషేధించేసరికి మన దేశంలో కొన్ని జాతుల రాబందులు నూటికి తొంభైకి పైగా పోయాయి. చచ్చిన దాంట్లోని మందు తిన్నదాన్ని చంపుతుందని ఆ దెబ్బతో తెలిసింది. గుడ్లగూబ విషయంలోనూ అన్నీ పోయేదాకా ఆగాలా?

మేం అడుగుతున్నవి పెద్ద కోరికలు కావు.

ఒకటి, సామూహిక నిర్మూలనకు ముందు యానాదుల జట్లను పిలవాలి. తోకల లెక్కన కాదు, న్యాయమైన దినకూలి ఇవ్వాలి. కాగితాలు లేవన్న సాకుతో కూలి ఆపకూడదు.

రెండు, నోటితో కుండలోకి ఊదితే పొగ ఊపిరితిత్తుల్లోకి పోతుంది, మూతి కాలుతుంది. తమిళనాడులో ఇరుళర్ల కోసం చేత్తో తిప్పే ఫ్యానుతో పొగయంత్రం తయారుచేశారు. అలాంటివి, బూట్లు, చేతి తొడుగులు ఇక్కడా ఇవ్వాలి.

మూడు, బ్రోమోడయోలోన్ చివరి మార్గంగానే ఉండాలి. చెరువుల పక్కన, అడవి అంచున, పక్షుల గూళ్ల దగ్గర అసలు వద్దు. పెట్టేముందు యానాది కాలనీలో దండోరా వేయించాలి. చచ్చిన ఎలుకలను ఏరి లోతుగా పూడ్చాలి.

నాలుగు, చనిపోయి దొరికిన గద్దలు, గుడ్లగూబల కాలేయాలను పరీక్షించి ఫలితాలు బయటపెట్టాలి.

రైతు సోదరులారా, మీ చేలో పక్షి స్థావరాలు నాటండి, కర్రల మీద వాలే గద్దలు, గుడ్లగూబలు కూలి అడగవు. జెర్రిపోతు కనబడితే కొట్టకండి. మందు పొట్లం కట్టేముందు ఒక్కసారి యానాది పెద్దను పిలిచి గట్టు చూపించండి.

గద్ద అర్జీ పెట్టలేదు. యానాది పెట్టిన అర్జీ ఎవరూ చదవరు. ఇద్దరి తరఫునా మనం అడుగుదాం.