కెమెరా సంచి ఎవరి భుజాన?

థీమ్ పార్కుకు బయల్దేరే కుటుంబం లెన్సులు లెక్కపెట్టుకునే ముందు మనుషులను లెక్కపెట్టుకోవాలి

ఏ థీమ్ పార్కులో చూసినా నీటి రైడు దగ్గర ఒక బెంచీ ఉంటుంది. దాని మీద ఓ తాతయ్యో, అమ్మమ్మో, ‘నాకు కళ్లు తిరుగుతాయి, మీరు వెళ్లి రండి’ అన్న ఇల్లాలో కూర్చుని ఉంటారు. ఒళ్లో కెమెరా బ్యాగు, పక్కన మంచినీళ్ల సీసాలు, కాళ్ల దగ్గర నాలుగు జతల చెప్పులు. కళ్లు తిరిగే మాట నిజమే కావచ్చు. చాలాసార్లు అసలు కారణం మాత్రం ఒళ్లో ఉన్న ఆ బ్యాగే. దాన్ని తడపడానికి లేదు, వదిలేయడానికీ లేదు. టికెట్టు మాత్రం అందరితోపాటు ఆ మనిషికీ కొన్నారు. ఇంటికొచ్చాక ఫొటోలు తిరగేస్తే అందులోనూ వారి వాటా తక్కువే.

బ్యాగు కొనబోతే దుకాణదారు వేసే మొదటి ప్రశ్న ‘ఎన్ని లెన్సులున్నాయి సార్?’ అని. పెళ్లిళ్లు తీసే ఫొటోగ్రాఫరుకైతే అది సరైన ప్రశ్నే. సెలవులకు వెళ్లే కుటుంబానికి కాదు. రైడు ఎక్కేటప్పుడు ఈ బ్యాగు ఎక్కడుంటుంది, ఎవరి దగ్గరుంటుంది అన్నది తేల్చుకుంటే కొలతా, ఆకారమూ, ధరా వాటంతటవే తేలిపోతాయి.

ఈ సమస్య మరీ పాతదేమీ కాదు. 1984లో ఢిల్లీ ప్రగతి మైదాన్‌లో అప్పూఘర్ తెరిచిన రోజుల్లో మధ్యతరగతి ఇంటి కెమెరాకు ఓ చిన్న తొడుగు, మెడలో వేసుకునే పట్టీ ఉంటే చాలు. రీలుకు 36 ఫొటోలు. అది అయిపోతే కెమెరా పనీ అయిపోయినట్టే. అప్పూఘర్ 2008లో మూతపడింది. ఈలోగా డిజిటల్ ఎస్సెల్లార్లు వచ్చాయి, వాటి వెంట రెండు లెన్సులు, ఫ్లాషు, చార్జరు, అన్నిటినీ మోసే నల్లటి వీపు సంచి. ఇప్పుడు ఫోను వచ్చి కెమెరాను చాలా ఇళ్లలో బీరువాకెక్కించింది. కానీ బ్యాగు తగ్గలేదు. పవర్ బ్యాంకు, గొడుగు, పిల్లాడి బట్టలు, బిస్కట్లు ఆ ఖాళీని నింపేశాయి.

మన దగ్గరి పార్కులనే తీసుకుంటే బ్యాగు ఎంపిక ఊరిని బట్టి కాదు, నీళ్లను బట్టి మారుతుంది. హైదరాబాద్ శివార్లలో 1996లో మొదలైన రామోజీ ఫిల్మ్ సిటీ ప్రధానంగా చూసే చోటు. 1,666 ఎకరాల విస్తీర్ణంతో గిన్నిస్ పుస్తకంలోకెక్కిన ఈ స్టూడియోలో ఎర్ర బస్సులు ఎక్కుతూ దిగుతూ, సెట్లు చూస్తూ తిరగాలి. ఇక్కడ భుజాన అడ్డంగా వేసుకునే మామూలు బ్యాగు, అందులో కెమెరా, ఇంకో లెన్సు ఉన్నా పెద్ద ఇబ్బంది లేదు. బస్సు సీట్లో ఒళ్లో పెట్టుకుంటే సరిపోతుంది. అదే ఔటర్ రింగ్ రోడ్డు పక్కన రావిర్యాల దగ్గర 2016లో తెరిచిన వండర్‌లాలో కథ వేరు. సగం రోజు అలల కొలనులో, రెయిన్ డాన్సులో గడుస్తుంది. కొలనులో దిగడానికి నైలాన్, పాలిస్టర్ లాంటి బట్టలే వేసుకోవాలి. బట్టలు, చెప్పులు, పర్సు లాకరులో పెట్టాకే నీళ్లలోకి వెళ్లేది. అలాంటి చోటికి కెమెరా బ్యాగు కొనకపోవడమే మంచి ఎంపిక. ఫోనుకు నీళ్లు చొరబడని ఓ ప్లాస్టిక్ సంచి, మెడలో వేసుకునే తాడు ఉంటే చాలు. పది గంటలు లాకరులో పడుకోబెట్టడానికి కెమెరాను మోసుకెళ్లడం దేనికి?

చిక్కంతా రెండూ కలిసిన పార్కులతోనే. అమెరికాలో కొడుకు దగ్గరికో కూతురు దగ్గరికో వెళ్లిన తెలుగు తల్లిదండ్రుల ప్రయాణ పట్టికలో నయాగరా తర్వాత వినిపించే పేరు ఫ్లోరిడాలోని ఓర్లాండో. అక్కడి డిస్నీ వరల్డ్‌లో యానిమల్ కింగ్‌డమ్ అనే పార్కుంది. మనవాళ్లకు అది కాస్త నవ్వూ, కాస్త ఆశ్చర్యమూ కలిగిస్తుంది. ఎందుకంటే అందులో ఆసియా భాగం ‘ఆనందపూర్’ అనే కల్పిత రాజ్యం. ‘చక్రనది’ మీద సాగే కాళీ రివర్ రాపిడ్స్ 1999లో మొదలైంది. హిమాలయాల్లో యతి వెంటపడే రైలుగా రూపొందించిన ఎక్స్‌పెడిషన్ ఎవరెస్ట్ 2006లో వచ్చింది. రెండూ దగ్గర దగ్గరే. మొదటిది ఒంటిని తడిపి ముద్ద చేస్తుంది, రెండోది వెనక్కి లాగి కుదిపేస్తుంది. అదే పార్కులో ఆఫ్రికా వైపు పైన కప్పు, పక్కలు తెరిచి ఉన్న వాహనంలో సింహాలనూ జిరాఫీలనూ చూపించే సఫారీ ఉంది. మంచి కెమెరా, దూరం లాగే లెన్సు నిజంగా అక్కరకొచ్చే చోటు అదే. అంటే పొద్దున కెమెరా తీసుకెళ్లినవాడు మధ్యాహ్నానికి దాన్ని ఎక్కడ దాచాలా అని వెతుక్కుంటాడు.

డిస్నీ నిబంధన ప్రకారం 24 అంగుళాల పొడవు, 15 అంగుళాల వెడల్పు, 18 అంగుళాల ఎత్తు మించిన బ్యాగును లోపలికి రానివ్వరు. ఇది విని ‘అబ్బో, చాలా పెద్దదే తీసుకెళ్లొచ్చు’ అనుకోవడం సహజం. అవి దాదాపు సూట్‌కేసు కొలతలు. గేటు దాటే హక్కుకూ, రైడులో ఇమిడే వీలుకూ మధ్య చాలా దూరముంది. డిస్నీ రైడ్లలో ఎక్కువ వాటికి లాకర్లు ఉండవు. బ్యాగు మనతోపాటే ఎక్కాలి, కాళ్ల దగ్గర కూర్చోవాలి. ఒళ్లో పెట్టుకుంటే ముందున్న ఇనుప అడ్డు పూర్తిగా దిగదు, సిబ్బంది కింద పెట్టమంటారు. అందువల్ల అసలు కొలత గేటు దగ్గరిది కాదు, ఇద్దరు కూర్చునే సీటు ముందు రెండు జతల కాళ్ల మధ్య మిగిలే జాగాది. దాన్ని ఇంట్లోనే చూసుకోవచ్చు. కుర్చీలో కూర్చుని, బ్యాగును రెండు పాదాల మధ్య నిలబెట్టి, దాని పట్టీని ఒక కాలికి తగిలించుకోవాలి. మోకాళ్లు ఎడంగా జరపాల్సి వస్తే ఆ బ్యాగు పెద్దదన్నట్టే.

కాళీ రివర్ రాపిడ్స్ తెప్పలో 12 మంది గుండ్రంగా కూర్చుంటారు, మధ్యలో సామాన్లు పెట్టడానికి మూత ఉన్న ఓ గూడు ఉంటుంది. పన్నెండు మంది చెప్పులు, సంచులు అందులోనే సర్దుకోవాలి. పెద్ద బ్యాగు తెచ్చినవాడు అక్కడ పదకొండు మంది చూపులనూ భరించాలి. బయట లాకర్లూ ఉన్నాయి. 2023లో మ్యాజిక్ కింగ్‌డమ్ పార్కులో మొదలైన ట్రాన్ రైడుకైతే బ్యాగును ముందే ఉచిత లాకరులో పెట్టాలి. అదే ఊళ్లోని యూనివర్సల్ పార్కులు ఇంకా కచ్చితం. పెద్ద కోస్టర్లలో కొన్నింటికి జేబులో నాణెం కూడా ఉండకూడదు, మెటల్ డిటెక్టర్ దాటాకే ఎక్కనిస్తారు. ఉచితంగా ఇచ్చే చిన్న లాకర్లు సన్నగా ఉంటాయి. గట్టి అట్టలాంటి మెత్తలతో ఉబ్బిన కెమెరా బ్యాగు అందులోకి దూరదు, పెద్ద లాకరుకు డబ్బు కట్టాలి. మెత్తగా నలిగే గుడ్డ బ్యాగు దూరుతుంది. దుకాణంలో గట్టిదనాన్ని నొక్కి చూసి మురిసిపోయే కొనుగోలుదారుకు ఈ సంగతి ఎవరూ చెప్పరు.

ఈ పార్కుల్లో ఓ మంచి ఏర్పాటుంది. ఎవరెస్ట్ రైలు ఎక్కాలంటే కనీసం 44 అంగుళాల ఎత్తుండాలి. అంత ఎత్తులేని పిల్లాడితో తల్లి బయట ఆగితే, తండ్రి దిగి వచ్చాక ఆమె మళ్లీ మొత్తం క్యూలో నిలబడకుండా వెళ్లొచ్చు. సిబ్బందికి ముందే చెప్పుకోవాలి, అంతే. పిల్లాడి కోసం ఆగినవాళ్లకు ఇలా వంతు దక్కుతుంది. సంచి కోసం ఆగినవాళ్లకు అలాంటిదేమీ లేదు. కనుక బ్యాగుకు కాపలా అవసరమా కాదా అన్నది సౌకర్యానికి సంబంధించిన విషయమే కాదు, ఇంట్లో ఒకరి రోజు ఎలా గడుస్తుందన్న విషయం కూడా.

ఇక బరువు. చిన్న ఎస్సెల్లార్ కెమెరా 450 గ్రాములు, దానితో వచ్చే లెన్సు మరో 200 గ్రాములు. ఈ ముప్పాతిక కిలో లోపు సామానుకు కొంతమంది కొనే వీపు సంచి ఖాళీగానే కిలోన్నర తూగుతుంది. దానికి లీటరు నీళ్ల సీసా, రెండో లెన్సు, పవర్ బ్యాంకు కలిస్తే నాలుగు కిలోలకు చేరుతుంది. పొద్దున తొమ్మిదింటికి అల్లుడి వీపున ఎక్కిన బరువు మధ్యాహ్నం రెండింటికి మామగారి భుజానికి మారుతుంది. ‘నేను పట్టుకుంటాలే బాబూ’ అని ఆయనే అంటారు. వద్దనడానికి అప్పటికి ఎవరిలోనూ ఓపిక ఉండదు.

కాబట్టి ఒక కెమెరా, ఒకే లెన్సు, ఒక అదనపు బ్యాటరీ, ఒక మెమరీ కార్డు పట్టే చిన్న బ్యాగు చాలు. భుజం మీదుగా అడ్డంగా వేసుకుని, అవసరమైనప్పుడు ముందుకు తిప్పుకునే స్లింగ్ రకం ఈ పనికి నప్పుతుంది. తీయకుండానే లోపలి సామాను అందుతుంది, క్యూలో వెనకవాళ్లకు తగలదు, జనం మధ్య జిప్పు కళ్లముందే ఉంటుంది. ఈ ‘అందుబాటు’ సూత్రం కొత్తదేమీ కాదు. 1970ల్లో ఫిలడెల్ఫియా ఇంక్వైరర్ పత్రికా ఫొటోగ్రాఫర్ జిమ్ డోమ్కీ గట్టి పెట్టెలతో విసిగి మెత్తటి కాన్వాసు సంచి తయారు చేయించుకున్నది ఇందుకే. లోపలి గుడ్డ లేత రంగులో ఉంటే చీకటి పడ్డాక నల్లటి లెన్సు మూత వెతుక్కునే బాధ తప్పుతుంది. పైన కెమెరా కంపెనీ పేరు పెద్దక్షరాల్లో లేకపోతే మరీ మంచిది. ఇంట్లో ఉన్న మామూలు బ్యాగులోనే మెత్తటి అరల గూడు ఒకటి కొని పెట్టుకుంటే ఖర్చూ కలిసొస్తుంది. నీళ్ల సీసాకు వేరే గుడ్డ సంచి ఉండాలి. కెమెరా పక్కన సీసా పెట్టడమంటే పిల్లి చేతిలో పాలగిన్నె పెట్టినట్టే.

వాన సంగతి మరవకూడదు. ఓర్లాండోలో వేసవి మధ్యాహ్నాలు ఉరుములతో కూడిన జల్లులు మామూలు. బ్యాగు మీద ‘వాటర్ రెసిస్టెంట్’ అని రాసి ఉంటే నాలుగు చినుకులకు ఆగుతుందని అర్థం, జడివానకు కాదు. జిప్పు కుట్ల దగ్గరే నీరు దిగుతుంది. అడుగున మడిచిపెట్టిన వాన తొడుగు ఉన్నదే తీసుకోవాలి, లేదా గట్టి జిప్పున్న ప్లాస్టిక్ సంచులు రెండు లోపల పెట్టుకోవాలి. అంతకంటే ఎక్కువమందిని తికమక పెట్టేది లెన్సు మీద పట్టే ఆవిరి. ఏసీ హాలులో గంట కూర్చుని ఉక్కలోకి రాగానే కెమెరా తీస్తే అద్దం మసకేస్తుంది. విశాఖలోనైనా, కొచ్చిలోనైనా ఇదే తంతు. తుడవడం కంటే, కెమెరాను జిప్పు మూసిన బ్యాగులోనే ఓ 20 నిమిషాలు ఉంచి మెల్లగా వేడెక్కనివ్వడం మేలు.

ట్రైపాడ్ మోజున్నవాళ్లకు ఒక మాట. మామూలు వీపు సంచిలో పట్టేలా మడవగలిగినదైతేనే డిస్నీ అనుమతిస్తుంది. సెల్ఫీ కర్రలను 2015లోనే నిషేధించింది. అందరూ కలిసి ఫొటో దిగాలంటే దారి లేకపోలేదు. పార్కు నియమించిన ఫొటోగ్రాఫర్లు ముఖ్యమైన చోట్ల నిలబడి ఉంటారు. తమ కెమెరాతో తీసి ఫొటోలు అమ్మడం వాళ్ల పని. అయినా అడిగితే మన కెమెరాతోనూ, మన ఫోనుతోనూ ఉచితంగా ఒకటి తీసిపెడతారు. బ్యాగు మోసినవాళ్లు కూడా అందులో ఉంటారు.

విమానం ఎక్కేటప్పుడు అదనపు బ్యాటరీలు, పవర్ బ్యాంకు చేతి సామానులోనే ఉండాలి, చెక్-ఇన్ పెట్టెలో పెట్టకూడదు. చాలా విమానాల్లో చేతి సామాను పరిమితి 7 కిలోలే కనుక చిన్న బ్యాగు అక్కడా ఆదుకుంటుంది. ఖరీదైన కెమెరా తీసుకెళ్లేవాళ్లు బయల్దేరేటప్పుడే విమానాశ్రయంలోని కస్టమ్స్ కౌంటరులో దాన్ని చూపించి ఎగుమతి ధ్రువపత్రం తీసుకుంటే, తిరిగొచ్చాక అది విదేశంలో కొన్నది కాదని వాదించుకునే పని ఉండదు. ఆ పత్రంలో సీరియల్ నంబరు రాయాలి. అది సాధారణంగా కెమెరా అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది. కౌంటరు దగ్గర బ్యాగంతా కుమ్మరించకుండా, ముందురోజు రాత్రే ఓ కాగితం మీద రాసి బిల్లుతో కలిపి పర్సులో పెట్టుకోవడం తేలిక.