పారేయమనే వారితో పేచీ

"బాబాయ్, ఆ డొక్కు మిషను అవతల పారేసి కొత్తది కొనుక్కోక, ఈ వయసులో మీకెందుకీ తంటా?" అన్నాడు మా అన్నయ్య కొడుకు. అప్పుడు నేను వరండాలో పాత పంచె పరుచుకుని, నా చిన్న లేతు హెడ్‌స్టాకు విప్పుకుని కూర్చున్నాను. చేతుల నిండా గ్రీజు. అందుకని ఆ పూట నవ్వి ఊరుకున్నాను. ఊరుకోకూడదని తరువాత తోచింది. వాడు బుద్ధిమంతుడు, ఇంజనీరింగు పట్టా ఉన్నవాడు. అలాంటి బుద్ధిమంతులే ఇవాళ ఏది వస్తువో ఏది చెత్తో నిర్ణయిస్తున్నారు. కనుక ఈ జవాబు వాడొక్కడికే కాదు.

సాహిత్యం చదువుకునే చోట ఈ ఇనప గోల ఏమిటని ముఖం చిట్లించేవారికి కూడా ఒక మాట. కుమ్మరి సారె మీదా, నేతగాడి మగ్గం మీదా పుటలకు పుటలు కవిత్వం రాసుకున్న మనకు, ఆ మగ్గం విరిగితే బాగుచేసే మనిషి గురించి రాయడానికి మాత్రం ఎందుకో నామోషీ.

నాది చైనాలో తయారై, అనేక రంగుల్లో అనేక పేర్లతో ప్రపంచమంతా అమ్ముడుపోయే ఏడంగుళాల లేతు. బల్ల మీద పట్టేంత యంత్రం. ఇత్తడి కడ్డీ తిప్పితే అద్దంలా రావలసిన చోట చారలు పడుతున్నాయి, చక్కు దగ్గర గరగర. ఇందులో పాడైనది ఏమిటి? పోత ఇనుప పీఠం కాదు, స్పిండిలు కాదు. స్పిండిలును రెండు వైపులా మోస్తున్న రెండు బేరింగులు. అరగడం వాటి ధర్మం. మిగతా యంత్రం అరగకుండా ఉండడానికే వాటిని అక్కడ పెట్టారు. చెప్పు అరిగిందని కాలు తీసేయమనే వైద్యుణ్ణి మనం ఏమంటాం?

ఆ బేరింగు అంచు మీద 6206 అని ఉంటుంది. అది కంపెనీవారి రహస్య సంకేతం కాదు. 6 అంటే లోతైన గాడిలో ఒకే వరస గుళ్ళుండే జాతి. 2 కొలతల శ్రేణి. చివరి 06ను ఐదుతో హెచ్చవేస్తే లోపలి వ్యాసం, 30 మిల్లీమీటర్లు. బయటి వ్యాసం 62, మందం 16. స్వీడనుదైనా, జపానుదైనా, మన దేశంలో చేసినదైనా ఈ సంఖ్య గలది అదే గూట్లో కూర్చుంటుంది. మోటార్లలో, పంపుల్లో మామూలుగా కనిపించే సంఖ్యే కనుక విజయవాడ ఆటోనగర్లోనో హైదరాబాదు బాలానగర్లోనో అడిగితే దుకాణదారు తల ఎత్తకుండానే తీసి ఇస్తాడు. రెండింటికీ నాకు వెయ్యి రూపాయలు కాలేదు. కొత్త లేతు దానికి ఎన్నో పదుల రెట్లు. పారేయమనేవారు తమ సలహాకు లెక్క అని పేరు పెడతారు. లెక్క ఇదీ.

అసలు బేరింగుల చరిత్రలో ఒక పెద్ద మలుపు మరమ్మతు చేసేవాడి విసుగులోంచే వచ్చింది. స్వీడనులోని గోథెన్‌బర్గ్‌లో ఒక బట్టల మిల్లు బంకమట్టి నేల మీద ఉండేది. నేల కుంగేది, ఇరుసులు వరస తప్పేవి, బేరింగులు చెడిపోయేవి. అక్కడ యంత్రాల బాగోగులు చూసే స్వెన్ వింగ్‌క్విస్ట్, ఇరుసు కాస్త ఒరిగినా తనంతట తాను సర్దుకునే బేరింగును రూపొందించాడు. 1907లో ఎస్.కె.ఎఫ్. సంస్థ దానితోనే మొదలైంది. మిల్లు పారేసి కొత్తది కట్టుకొమ్మనే అన్న కొడుకు ఆయనకు లేడు కాబోలు.

ఇక రెండో రకం సలహాదారులు. వీరు పారేయమనరు, "గుళ్ళవి తీసి టేపర్ రోలర్లు వెయ్యి, నీ లేతు జాతకమే మారిపోతుంది" అంటారు. టేపర్ రోలరు గట్టిదే, కాదనను. కాని 30206 మందం 17.25 మిల్లీమీటర్లు. ఒక్కొక్కటి 1.25 ఎక్కువ. ఆ మేరకు మధ్యనుండే స్పేసర్లను తగ్గించాలి. దానికి మూతలుండవు, కాబట్టి ఇనుప రజను పోకుండా అడ్డు మనమే కట్టుకోవాలి. బిగింపు తక్కువైతే ఆడుతుంది, ఎక్కువైతే కాలుతుంది. ఏటవాలు స్పర్శ గల 7206 మందం సరిగ్గా 16, గూట్లో ఇంపుగా కూర్చుంటుంది. అయితే జంట ఎదురెదురు దిశల్లో ఉండాలి. ఒకటి తిరగబడితే ఆ పక్క నెట్టుడును ఆపేదే ఉండదు. ఇదంతా తెలిసి చేసేవాడికి నమస్కారం. ఎవరో చేశారని చేసేవాడు ఉన్నదాన్ని పోగొట్టుకుంటాడు. కూర్చున్న చోటినుంచి జాతకాలు మార్చేవారు మనకు కొత్త కాదు గదా.

అసలు నేరం బేరింగుదేనా అని కొలిచి చూసేవారెందరు? నేనూ ఒకసారి తొందరపడ్డాను. తీరా చూస్తే పనిముట్టును పిడిలోంచి మరీ పొడుగ్గా చాచి బిగించాను, అందుకే అదిరింది. ఈసారి చక్కు తీసేసి స్పిండిలు ముక్కు మీద డయల్ గేజి ఆనించాను. చక్కు తన వంకర తాను తెచ్చుకుంటుంది, ఆ పాపం బేరింగుకు అంటగట్టకూడదు. స్పిండిలు రంధ్రంలో కర్ర దూర్చి పైకెత్తితే ముల్లు 0.04 మి.మీ. కదిలింది. అది సాక్ష్యం.

దుకాణంలో మొదట సి3 గుర్తున్నవి చేతిలో పెట్టారు. లోపల ఖాళీ కాస్త ఎక్కువగా ఉంచిన రకమది. వేడెక్కే మోటార్లకు మేలు, లేతుకు కాదు. వదులు పోగొట్టుకోవడానికి వెళ్ళి వదులునే కొనుక్కొచ్చినట్టవుతుంది. తిరిగి ఇచ్చేశాను.

సుత్తి వీరులతోనూ నాకు పేచీయే. బయటి వలయం మీద కొట్టి లోపలి వలయాన్ని స్పిండిలు మీదికి ఎక్కిస్తే, ఆ దెబ్బ గుళ్ళ గుండా పోయి గాడిలో సొట్టలు పడతాయి. కొత్త బేరింగు మొదటి రోజునే పాతదవుతుంది. ఏ వలయం బిగువుగా ఎక్కాలో దాన్నే నెట్టాలి. నేను స్పిండిలు రంధ్రం గుండా మరలున్న పొడుగు కడ్డీ దూర్చి, గొట్టం ముక్క, వాషర్లు, నట్టు పెట్టి నిదానంగా లాగాను. రబ్బరు మూతలున్నవి కనుక 80 డిగ్రీలు దాటకుండా వెచ్చబెట్టాను. అరవై డిగ్రీలు పెరిగితే 30 మి.మీ. రంధ్రం 0.02 మి.మీ. విచ్చుకుంటుంది. ఆ కాస్త చాలు, సుత్తితో పనిలేదు. సాయంత్రానికి గేజి ముల్లు 0.01 దాటలేదు.

ఇది జరిగిన నెలకు మా వాడి వాషింగ్ మిషను రైలుబండిలా మోగడం మొదలుపెట్టింది. డ్రమ్ము బేరింగు. చూడవచ్చిన మనిషి టబ్బంతా మార్చాలన్నాడట, ఎందుకంటే ప్లాస్టిక్ టబ్బు రెండు సగాలనూ విప్పే వీలు లేకుండా కరిగించి అతికేశారు. వాడు నాకిచ్చిన సలహా అక్కడ ప్లాస్టిక్ రూపం దాల్చింది. యూరపులో 2021 మార్చి నుంచి అమలైన నిబంధనలు డ్రమ్ము బేరింగులు పదేళ్ళపాటు మరమ్మతుదారులకు దొరకాలన్నాయి. అయితే వాటిని విడిగా గాని, డ్రమ్ముతో కలిపి గాని ఇవ్వవచ్చునని ఒక సందు వదిలాయి. కలిపి అమ్మే వెసులుబాటుంటే విడిగా అమ్మే వెర్రివాడెవడు?

"ఆదివారం మీ పనిముట్ల పెట్టె తీసుకుని రాగలరా బాబాయ్?" అని నిన్న ఫోను చేశాడు. వస్తానన్నాను. అతుకు కోయడానికి సన్నపళ్ళ రంపం బ్లేడు ఒకటి కొనాలి.